ఆకాశం నుంచి పదునైన ఫొటో: డ్రోన్ కెమెరా ఎంపికలో సెన్సర్ కన్నా ముందు అడగవలసిన ప్రశ్న

బెంగళూరుకు తూర్పున, హొసకోటె దాటాక వేసిన ఒక కొత్త లేఅవుట్‌ను ఫొటోలు తీయడానికి పోయిన ఏడాది ఇద్దరం కలిసి వెళ్లాం. నా దగ్గర ఒక అంగుళం సెన్సర్ (వెలుగును ఫొటోగా మార్చే పలక) ఉన్న పెద్ద డ్రోన్ ఉంది. నాతో వచ్చిన అనంతపురం కుర్రాడి దగ్గర జేబులో పట్టేంత చిన్న మినీ 2 అనే డ్రోన్ ఉంది. సాయంత్రం ఇంటికి వచ్చి రెండింటి ఫొటోలూ కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టి చూస్తే, అతని ఫొటోల్లో హద్దురాళ్లు ఒక్కొక్కటి విడివిడిగా కనిపించాయి. నా ఫొటోలు మాత్రం తడిసిన కళ్లద్దాలు పెట్టుకొని చూసినట్టున్నాయి. కారణం వెతికితే తప్పు నాదే అని తేలింది. ఎగరేసిన వెంటనే డ్రోన్‌ను నడుమెత్తున నిలిపి, కెమెరా సరిగా పని చేస్తోందా అని కింద పరిచిన పట్టా మీద తెరను తాకాను. ఫోకస్ ఆ మీటరు దూరంలోనే నిలిచిపోయింది, ఆ తరువాత అరగంటసేపు తీసిన ఫొటోలన్నీ ఆ మీటరు దూరానికే పదునుగా ఉన్నాయి. ఎండలో ఫోన్ తెర మీద ఆ తేడా కనబడలేదు.

డ్రోన్ కొనాలనుకునే వాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఎన్ని మెగాపిక్సెల్స్ ఉన్నది తీసుకోవాలి? నా అనుభవంలో అది మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో కావాలి. మీరు తీయబోయే వస్తువు కెమెరాకు ఎంత దూరంలో ఉంటుంది, ఆ దూరానికి ఫోకస్‌ను ఎవరు నిర్ణయిస్తారు అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు దొరికితే సెన్సర్, లెన్స్, అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) గురించిన సగం సందేహాలు వాటంతట అవే తీరిపోతాయి. ఈ వ్యాసంలో పోలికకు ఉదాహరణలుగా డ్రోన్‌లు తయారుచేసే డీజేఐ సంస్థ మోడళ్లను తీసుకుంటున్నాను. వాటి వివరాలు అందరికీ తెలిసినవి, వాడినవాళ్లు మన చుట్టూ ఎక్కువమంది ఉన్నారు. అంతకు మించి ఆ పేర్లకు ప్రాధాన్యం లేదు.

ఫిక్స్‌డ్ ఫోకస్ మంచిదా, ఆటోఫోకస్ మంచిదా

తొలి తరం డ్రోన్‌లలో ఈ ప్రశ్నే లేదు. ఫాంటమ్ 4 వరకు వచ్చిన ఫాంటమ్‌ల లెన్స్ ఫోకస్‌ను ఫ్యాక్టరీలోనే దూరానికి బిగించి పంపేవారు. వాడేవాడు ముట్టుకోవడానికి అందులో ఏమీ ఉండేది కాదు. 2016లో మావిక్ ప్రో వచ్చినప్పుడు అర మీటరు నుంచి అనంతం వరకు ఫోకస్ మార్చుకోగల లెన్స్‌ను పెట్టారు. దానితో పాటే ఒక కొత్త ఫిర్యాదు కూడా పుట్టింది. పాత ఫాంటమ్‌కు అలవాటుపడినవాళ్లు తెరను తాకి ఫోకస్ చేయడం మరిచిపోయి, ఫొటోలు మసకగా వస్తున్నాయని కెమెరాను నిందించేవారు. అదే ఏడాది చివర్లో వచ్చిన ఫాంటమ్ 4 ప్రోలో ఒక అంగుళం సెన్సర్‌తో పాటు ఆటోఫోకస్ కూడా తప్పలేదు. సెన్సర్ పెద్దదయ్యే కొద్దీ ఫోకస్‌ను బిగించి వదిలేయడం కుదరకపోవడమే దీనికి కారణం.

ఆ కారణం అంకెల్లో చూస్తే స్పష్టంగా ఉంటుంది. ప్రతి లెన్స్‌కూ ఒక దూరం ఉంటుంది. సరిగ్గా అక్కడ ఫోకస్ పెడితే, ఆ దూరంలో సగం నుంచి అనంతం వరకు అంతా చాలినంత పదునుగా వస్తుంది. దీన్ని హైపర్‌ఫోకల్ దూరం అంటారు. ఒక బిందువు రెండు పిక్సెల్స్ కన్నా ఎక్కువ పరుచుకోకూడదు అనే కాస్త కఠినమైన కొలత పెట్టుకొని నేను లెక్క వేశాను. మినీ 2లో ఉన్న 1/2.3 అంగుళాల, 12 మెగాపిక్సెల్ సెన్సర్‌కు ఎఫ్ 2.8 దగ్గర (ఎఫ్ అంకె అపర్చర్ కొలత, అంకె తగ్గే కొద్దీ రంధ్రం పెద్దది) ఆ దూరం సుమారు 2.2 మీటర్లు. ఒక అంగుళం, 20 మెగాపిక్సెల్ సెన్సర్‌కు అదే ఎఫ్ 2.8 దగ్గర దాదాపు 5.8 మీటర్లు. మావిక్ 3లోని ఫోర్ థర్డ్స్ అనే ఇంకా పెద్ద సెన్సర్‌కు 8 మీటర్లు. అంటే చిన్న సెన్సర్ డ్రోన్‌లో ఫోకస్‌ను రెండు మీటర్ల దగ్గర బిగించి పంపినా ఒక మీటరు నుంచి చుక్కల దాకా అంతా బాగానే ఉంటుంది. పెద్ద సెన్సర్ డ్రోన్‌లో అలా చేస్తే దూరాన ఉన్నదంతా చెడిపోతుంది. హొసకోటె దగ్గర నేను చేసిన పొరపాటుకు, మీటరు దూరంలో నిలిచిన ఫోకస్ వల్ల దూరపు బిందువు ఒక్కొక్కటి పది పిక్సెల్స్ పైచిలుకు పరుచుకుంది. ఆ ఫొటోలను ఏ సాఫ్ట్‌వేరూ బాగు చేయలేదు.

కాబట్టి ఫిక్స్‌డ్ ఫోకస్‌ను చవకబారు ఏర్పాటు అని తీసిపారేయడం సరికాదు. ఊరి జాతర, పొలం, చెరువు, కొండ మీది గుడి, కొత్త ఇల్లు వంటివి ఇరవై మీటర్లకు పైనుంచి తీసే వారికి, ముఖ్యంగా డ్రోన్ నడపడమే కొత్తగా నేర్చుకుంటున్న వారికి, ఆలోచించవలసిన విషయం ఒకటి తగ్గిపోవడం పెద్ద సౌకర్యం. దానికి ఉన్న లోపం ఏమిటంటే, ఫ్యాక్టరీలో బిగించినది కొద్దిగా తప్పినా, కిందపడి లెన్స్ కదిలినా మీ చేతిలో సరిదిద్దుకునే మార్గం ఉండదు. ఆటోఫోకస్ ఉన్న డ్రోన్ మీ మాట వింటుంది, అయితే మీరు తప్పు మాట చెప్పినా అంతే విధేయంగా వింటుంది.

ఆటోఫోకస్ ఎక్కడ తడబడుతుంది

చాలా డ్రోన్ కెమెరాలు వెలుగునీడల అంచులను వెతుక్కుంటూ, ఆ అంచు ఎక్కడ అత్యంత పదునుగా కనిపిస్తే అక్కడ ఆగుతాయి. అంచులు లేని చోట వాటికి ఆధారం ఉండదు. మంచు పట్టిన డిసెంబరు ఉదయం నంది కొండల వైపు చూసినప్పుడు, గాలి లేని వేళ వర్తూరు చెరువు నీళ్ల మీద, చీకటి పడిన తరువాత, లేదా రంగు వేసిన నునుపైన సిమెంటు గోడ ఎదుట లెన్స్ ముందుకూ వెనక్కూ ఊగిసలాడటం మీరు గమనించే ఉంటారు. వీడియోలో ఈ ఊగిసలాట చాలా అసహ్యంగా కనిపిస్తుంది, పైగా ఒకసారి రికార్డయ్యాక దాన్ని తీసేసే వీలు లేదు.

వైట్‌ఫీల్డ్ వైపు అద్దాల భవనాలు తీసేవారికి ఇంకొక చిక్కు ఉంది. కెమెరా అద్దం మీద కాకుండా అద్దంలో ప్రతిబింబించిన ఎదుటి భవనం మీద ఫోకస్ పెడుతుంది. ప్రతిబింబం దూరం అద్దం దూరం కన్నా ఎక్కువ కాబట్టి భవనం మాత్రం మసకబారుతుంది. అద్దాల మధ్య ఉండే అల్యూమినియం చట్రం అంచునో, అంతస్తుల మధ్య సిమెంటు పట్టీనో తాకి ఫోకస్ చేస్తే ఈ చిక్కు తీరుతుంది.

వీటన్నిటికీ నేను పాటించే పద్ధతి ఒకటే. డ్రోన్‌ను పైకి తీసుకువెళ్లాక ముప్ఫై, నలభై మీటర్ల దూరంలో స్పష్టమైన అంచు ఉన్న ఏదో ఒకదాన్ని, అంటే కాంపౌండ్ గోడ మూలనో, నీళ్ల ట్యాంకు అంచునో తాకి ఫోకస్ చేసి, వెంటనే మాన్యువల్‌కు మార్చి అక్కడే నిలిపివేస్తాను. పీకింగ్ అనే సదుపాయం ఉంటే, పదునుగా ఉన్న అంచులు రంగుతో మెరుస్తాయి కాబట్టి అది కూడా ఒకసారి చూసుకుంటాను. మాన్యువల్‌లో గీతను నేరుగా అనంతం గుర్తు దాకా తోసేయడం మంచిది కాదు. చాలా లెన్స్‌లు ఆ గుర్తును దాటి కూడా కొంత జరుగుతాయి, వేడికి ఆ స్థానం కొద్దిగా మారుతుంది కూడా. ఎగిరే ముందు నేల మీద ఫోకస్ చేయకూడదన్న విషయం ఇక మళ్లీ చెప్పనవసరం లేదు.

సెన్సర్ పెద్దదైతే ఏం పెరుగుతుంది, ఏం పెరగదు

ఒక అంగుళం సెన్సర్ అంటే అంగుళం పొడవు ఉండదు, అది 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే. పాతకాలపు టీవీ కెమెరా గొట్టాల కొలతల నుంచి వచ్చిన పేరు అలాగే నిలిచిపోయింది. పేరు సంగతి ఎలా ఉన్నా, కొనేవాళ్లు సాధారణంగా పెద్ద సెన్సర్ అంటే ఎక్కువ వివరం అనుకుంటారు. నూరు మీటర్ల ఎత్తు నుంచి నేరుగా కిందికి చూస్తే నేల మీద ఒక పిక్సెల్ ఎంత మేర ఆక్రమిస్తుందో లెక్క వేస్తే ఈ అభిప్రాయం ఎంతవరకు నిజమో తెలుస్తుంది. మినీ 2కు అది 3.4 సెంటీమీటర్లు. ఫాంటమ్ 4 ప్రోలోని ఒక అంగుళం సెన్సర్‌కు 2.7 సెంటీమీటర్లు. దాని కన్నా రెట్టింపు వైశాల్యం ఉన్న మావిక్ 3 ఫోర్ థర్డ్స్ సెన్సర్‌కూ 2.7 సెంటీమీటర్లే, ఎందుకంటే రెండింటిలోనూ 20 మెగాపిక్సెల్సే ఉన్నాయి, చూపు విస్తారమూ దాదాపు ఒకటే. నేల మీది వివరం విషయంలో ఆ రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

పెద్ద సెన్సర్ ఇచ్చేది వేరే. మిట్టమధ్యాహ్నం తెల్లటి మేడ, దాని పక్కన చింతచెట్టు కింది నీడ ఒకే ఫొటోలో రావాలన్నప్పుడు తెలుపు కాలిపోకుండా, నీడ బూడిదగుంటలా మారకుండా రెండింటినీ పట్టుకునే శక్తి దానికి ఎక్కువ. రా ఫైలు (కెమెరా దిద్దకుండా దాచే ఫొటో ఫైలు) తీసుకొని నీడలను పైకి లేపినప్పుడు చిన్న సెన్సర్‌లో ఇసుక చల్లినట్టు గరుకు కనిపిస్తుంది, పెద్దదానిలో తక్కువ. బెంగళూరులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆకాశం మబ్బు పట్టి వెలుగు మెత్తగా పరుచుకుంటుంది కాబట్టి ఆ నెలల్లో ఈ తేడా అంతగా బయటపడదు. మార్చి, ఏప్రిల్ ఎండల్లో బాగా తెలుస్తుంది. కదలని దృశ్యమైతే, వేర్వేరు వెలుగుల్లో వరుసగా మూడు లేదా ఐదు ఫొటోలు తీసి కలపడం ద్వారా చిన్న డ్రోన్‌తో కూడా చాలా వరకు ఈ లోటు పూడ్చుకోవచ్చు.

ఇక చీకటి వేళ. పెద్ద సెన్సర్ ఉన్నదే రాత్రి బాగా తీస్తుంది అన్న మాట సగమే నిజం. 2021లో వచ్చిన ఎయిర్ 2ఎస్‌లో ఒక అంగుళం సెన్సర్, ఎఫ్ 2.8 లెన్స్ ఉన్నాయి. 2023లో వచ్చిన మినీ 4 ప్రోలో 1/1.3 అంగుళాల సెన్సర్, ఎఫ్ 1.7 లెన్స్ ఉన్నాయి. సెన్సర్ వైశాల్యంలో మొదటిది సుమారు 1.7 రెట్లు పెద్దది. లెన్స్ లోపలికి రానిచ్చే వెలుగులో రెండోది సుమారు 2.7 రెట్లు ముందుంది. రెండింటినీ కలిపి చూస్తే, ఒకే షట్టర్ వేగం (సెన్సర్ మీద వెలుగు పడే వ్యవధి) దగ్గర చిన్న డ్రోనే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ వెలుగును పోగు చేస్తుంది. దీపావళి రాత్రి అపార్ట్‌మెంట్ దీపాలు తీయాలనుకునేవారు సెన్సర్ కొలత ఒక్కటే చూసి తీర్మానించకూడదని ఈ లెక్క చెబుతుంది. పగలు, వెలుగు సమృద్ధిగా ఉన్నప్పుడు మాత్రం పెద్ద సెన్సరే మళ్లీ ముందుకు వస్తుంది, ఎందుకంటే నిండడానికి దానిలో చోటు ఎక్కువ. అయితే ఎఫ్ 1.7 వల్ల హైపర్‌ఫోకల్ దూరం కూడా పెరుగుతుంది. మినీ 4 ప్రోకు అది సుమారు 5.5 మీటర్లు, అంటే ఎయిర్ 2ఎస్‌తో దాదాపు సమానం. చిన్న డ్రోన్ కదా, ఫోకస్ సంగతి పట్టించుకోనక్కర్లేదు అనుకునే రోజులు మినీ 2తోనే పోయాయి.

మినీ 4 ప్రో వంటివాటిపై కనిపించే 48 మెగాపిక్సెల్ అన్న ప్రకటన గురించి ఎక్కువ చెప్పను. ఈ సెన్సర్లలో నాలుగేసి పిక్సెల్స్ ఒకే రంగు వడపోత కింద గుంపుగా ఉంటాయి. మామూలుగా అవి కలిసి 12 మెగాపిక్సెల్ ఫొటోగా వస్తాయి. మంచి ఎండలో, డ్రోన్ కదలకుండా నిలిచి ఉన్నప్పుడు 48లో కొంత అదనపు వివరం దొరుకుతుంది, నాలుగు రెట్లు మాత్రం కాదు. సాయంత్రం వేళ 12లోనే ఉంచడం మేలు.

మార్చుకోగల అపర్చర్ అవసరమా

మావిక్ 2 ప్రో, మావిక్ 3, ఫాంటమ్ 4 ప్రో వంటి వాటిలో అపర్చర్‌ను ఎఫ్ 2.8 నుంచి ఎఫ్ 11 వరకు మార్చుకోవచ్చు. దూరపు దృశ్యాలకు ఫోకస్ లోతు ఎలాగూ సరిపోతుంది కాబట్టి, నేల మీద కెమెరాతో చేసినట్టు ఎఫ్ 11కు వెళ్లడం ఇక్కడ నష్టమే. ఒక అంగుళం సెన్సర్ మీద ఎఫ్ 11 దగ్గర వెలుగు వంగి పరుచుకునే చుక్క సుమారు 15 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. పిక్సెల్ వెడల్పు 2.4 మైక్రాన్లే. ఫొటో అంతటా మెత్తబడుతుంది. ఎఫ్ 4, ఎఫ్ 5.6 మధ్య మూలలు కూడా బాగుంటాయి, అక్కడే ఆగడం మంచిది.

అపర్చర్ మార్చుకునే వీలు అసలు పనికి వచ్చేది వీడియోలో. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో కదలిక సహజంగా కనిపించాలంటే షట్టర్ 1/50 సెకను దగ్గర ఉంచాలి; మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దీపాల మినుకు కూడా అప్పుడు తగ్గుతుంది. కానీ నడి ఎండలో ఎఫ్ 2.8, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100 దగ్గర సరైన షట్టర్ దాదాపు 1/3200 అవుతుంది. దాన్ని 1/50కి దించడానికి ఎన్‌డీ 64 ఫిల్టర్ (వెలుగును 64వ వంతుకు తగ్గించే నల్లద్దం) కావాలి. ఎఫ్ 1.7 మాత్రమే ఉన్న లెన్స్‌కు ఎన్‌డీ 128 దాకా కావాలి. అపర్చర్ మార్చుకోగలిగితే ఒకటి రెండు ఫిల్టర్లతో రోజంతా గడుస్తుంది. లేకపోతే మబ్బు కమ్మి విడిచినప్పుడల్లా డ్రోన్‌ను దించి ఫిల్టర్ మార్చాలి. ఫొటోలు మాత్రమే తీసేవారికి ఈ ఖర్చు అనవసరం.

దగ్గరకు వెళ్లడమా, జూమ్ లెన్స్‌తో దూరం నుంచి తీయడమా

నా దృష్టిలో ఈ మధ్య డ్రోన్‌లలో వచ్చిన మార్పుల్లో అన్నిటికన్నా ఉపయోగకరమైనది 70 మిల్లీమీటర్ల రెండో కెమెరా (ఈ అంకె పెరిగే కొద్దీ దూరపు వస్తువు దగ్గరగా కనిపిస్తుంది). 2023లో వచ్చిన ఎయిర్ 3లో మామూలు 24 మిల్లీమీటర్ల కెమెరాతో పాటు ఇది కూడా 1/1.3 అంగుళాల సెన్సర్‌తోనే ఉంది. పాత మావిక్ 3లో ఉన్న 162 మిల్లీమీటర్ల కెమెరా 1/2 అంగుళాల చిన్న సెన్సర్‌తో, ఎఫ్ 4.4తో ఉండేది కాబట్టి దాన్ని దూరంలో ఏముందో చూసి తెలుసుకోవడానికి వాడుకున్నారే తప్ప ఫొటోకు అంతగా నమ్ముకోలేదు.

ఎత్తైన అపార్ట్‌మెంట్ గోడల్లో పగుళ్లు, నీటి చెమ్మ చూడటం బెంగళూరులో ఇప్పుడు తరచుగా వస్తున్న పని. 24 మిల్లీమీటర్ల కెమెరాతో గోడకు నాలుగు మీటర్ల దగ్గరకు వెళ్తే ఒక పిక్సెల్ సుమారు 1.4 మిల్లీమీటర్ల గోడను చూపిస్తుంది. 70 మిల్లీమీటర్ల కెమెరాతో పది మీటర్ల దూరంలో నిలిస్తే ఒక పిక్సెల్ 1.2 మిల్లీమీటర్లు. అంటే రెట్టింపుకు పైగా దూరంలో, బాల్కనీ గాలికీ బట్టల తీగలకూ భయపడకుండా నిలబడి అంతకన్నా కొద్దిగా మెరుగైన వివరమే తెచ్చుకోవచ్చు. ఆషాఢ మాసపు గాలుల్లో గోడకు నాలుగు మీటర్ల దూరంలో డ్రోన్‌ను నిలపడం ఎంత కష్టమో ఒకసారి చేసినవారికి తెలుస్తుంది.

అయితే ఫోకస్ విషయంలో ఈ లెన్స్ క్షమించదు. దీని హైపర్‌ఫోకల్ దూరం సుమారు 28 మీటర్లు. పది మీటర్ల దగ్గర ఫోకస్ పెడితే ఏడున్నర మీటర్ల నుంచి పదిహేనున్నర మీటర్ల దాకానే పదును. ముందుకు పొడుచుకొచ్చిన బాల్కనీ, వెనక్కి ఉన్న లిఫ్ట్ గోడ రెండూ ఒకే ఫొటోలో బాగా రావాలని ఆశించకూడదు. ఒక కెమెరా నుంచి మరొక కెమెరాకు మారిన ప్రతిసారీ మళ్లీ ఫోకస్ చేయాలి. మధ్యాహ్నం రేకుల షెడ్ల మీదుగా, తారు రోడ్ల మీదుగా దూరంగా చూస్తే వేడి గాలి అలలు దృశ్యాన్ని కదిలిస్తాయి. అది ఫోకస్ లోపం కాదు కాబట్టి ఎన్నిసార్లు తాకినా పోదు. ఉదయం ఎనిమిదిన్నరలోపు తీయడం ఒక్కటే దారి.

పని బట్టి ఎంపిక

విహారయాత్రలకు, ఇంటి వేడుకలకు, ఊళ్లో పొలం ఫొటోలకు కొనేవారికి 249 గ్రాముల తరగతి చాలు. ఫోకస్ గొడవ అసలు వద్దనుకుంటే మినీ 2 వంటి ఫిక్స్‌డ్ ఫోకస్ డ్రోన్, సాయంత్రపు వెలుగు కూడా కావాలనుకుంటే ఎఫ్ 1.7 లెన్స్ ఉన్న మినీ 4 ప్రో వంటిది. గాలి విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. మినీ 4 ప్రో సెకనుకు 10.7 మీటర్ల గాలిని, మావిక్ 3 12 మీటర్ల గాలిని తట్టుకుంటాయని తయారీదారు చెబుతున్నా, ఆ హద్దు దగ్గర ఎగురుతున్న తేలికపాటి డ్రోన్ ఫొటోలో పదును ఆశించడం అత్యాశే.

బిల్డర్ల కోసం నెలనెలా నిర్మాణ ప్రగతి తీసేవారికి, ప్రకటనల కోసం విల్లాలు తీసేవారికి రెండు కెమెరాలున్న డ్రోన్ నా సలహా. ఒకే చోటి నుంచి మొత్తం లేఅవుట్, ఒక్కో బ్లాకు రెండూ తీసుకోవచ్చు; 70 మిల్లీమీటర్లలో వెనకటి కొండలు దగ్గరగా వచ్చి విల్లాలకు అందం వస్తుంది. ఎయిర్ 3ఎస్‌లో 24 మిల్లీమీటర్ల కెమెరాకు ఒక అంగుళం సెన్సర్, ఎఫ్ 1.8 లెన్స్ కూడా చేరాయి కాబట్టి దొరికితే అదే మేలు. ఫొటోలను పెద్ద పరిమాణంలో ముద్రించేవారు, రంగులను లోతుగా దిద్దేవారు మాత్రమే ఫోర్ థర్డ్స్ సెన్సర్‌కు డబ్బు పెట్టడం సమంజసం.

సర్వే, మ్యాపింగ్ పని చేసేవారి లెక్క వేరు. వందలాది ఫొటోలను కుట్టి ఒక పటంగా చేసేటప్పుడు ఫోకస్ మధ్యలో మారితే లెన్స్ చూపు విస్తారం కూడా కొద్దిగా మారుతుంది, కొలతలు దెబ్బతింటాయి. మొదట్లో ఒకసారి ఫోకస్ నిలిపి చివరి ఫొటో దాకా ముట్టుకోకూడదు. మామూలు సెన్సర్లు ఫొటోను వరుసలవారీగా పైనుంచి కిందికి చదువుతాయి, ఎగురుతూ తీస్తే నేల కొద్దిగా సాగినట్టు వస్తుంది. అందుకే ఫాంటమ్ 4 ప్రో, మావిక్ 3 ఎంటర్‌ప్రైజ్ వంటి మెకానికల్ షట్టర్ (వెలుగును ఆపే నిజమైన తెర) ఉన్నవాటిని ఎంచుకుంటారు. షట్టర్ వేగం కూడా ముఖ్యమే. సెకనుకు ఐదు మీటర్ల వేగంతో ఎగురుతూ 1/100 దగ్గర తీస్తే నేల ఐదు సెంటీమీటర్లు, అంటే నూరు మీటర్ల ఎత్తులో రెండు పిక్సెల్స్ చెదురుతుంది. 1/500కి మార్చితే ఒక్క సెంటీమీటరే. మసకను చూసి ఫోకస్‌ను అనుమానించే ముందు ఈ అంకెను సరిచూసుకోవాలి. చెదిరిన మసక ఒకే దిశలో గీతలా ఉంటుంది, ఫోకస్ మసక అన్ని వైపులా సమానంగా ఉంటుంది.

చట్టం కూడా ఎంపికను మారుస్తుంది

2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపువి నానో, అక్కడి నుంచి 2 కిలోల దాకా మైక్రో. నానోకు, సొంత సరదా కోసం వాడే మైక్రోకు రిమోట్ పైలట్ ధ్రువపత్రం అక్కర్లేదు. మైక్రో డ్రోన్‌తో డబ్బు తీసుకొని పని చేయాలంటే కావాలి. బరువు 249 దగ్గర ఆపడానికి తయారీదారులు పడే తాపత్రయానికి మూలం ఇలాంటి నియమాలే. ప్రభుత్వ పటంలో ఆకుపచ్చగా గుర్తించిన గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా, విమానాశ్రయం హద్దుకు 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల దాకా అనుమతి లేకుండా ఎగరవచ్చు. దేవనహళ్లి, హెచ్ఏఎల్ విమానాశ్రయాలు, యలహంక వాయుసేన స్థావరం, జక్కూరు ఎయిర్‌డ్రోమ్ ఇన్నీ ఉన్న బెంగళూరులో ఆ పటం చూడకుండా బయలుదేరడం తెలివితక్కువ పని. మారతహళ్లిలో మేడ మీద నిలబడి డ్రోన్‌ను పరీక్షిద్దాం అనుకునేవారు పక్కనే హెచ్ఏఎల్ ఉందని మరవకూడదు. ఇక 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్‌ల దిగుమతిని, పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు తప్ప, నిషేధించారు. అందువల్ల మన చేతికి వచ్చేవాటిలో సెకండ్ హ్యాండ్‌వే ఎక్కువ. కొనేముందు రిజిస్ట్రేషన్ పత్రం అడగండి, పేరు మార్చుకోండి.

సెకండ్ హ్యాండ్ డ్రోన్ చూసేటప్పుడు

అమ్మేవాళ్లు బ్యాటరీలు, రెక్కలు చూపిస్తారు. మీరు లెన్స్‌ను చూడండి. అనుమతి ఉన్న చోట డ్రోన్‌ను ఎగరేసి, ఇటుక గోడకో, గళ్ల టైల్స్ వేసిన మేడ గోడకో సూటిగా పది మీటర్ల దూరంలో నిలిపి, రా ఫైలులో ఒక ఫొటో తీయించండి. దాన్ని ల్యాప్‌టాప్‌లో నూరు శాతం పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి. నాలుగూ ఒకేలా కొద్దిగా మెత్తగా ఉంటే ఫరవాలేదు, అది లెన్స్ స్వభావం. మూడు పదునుగా ఉండి ఒకటి మాత్రం మసకబారితే, డ్రోన్‌ను ఎప్పుడో కింద పడేశారని, లెన్స్ పక్కకు ఒరిగిందని అర్థం. ఆ మసకను ఏ ఫోకస్ పద్ధతీ తీర్చదు. తరువాత డ్రోన్‌ను పైకి తీసుకువెళ్లి దూరపు చెట్ల వరుస మీద ఆటోఫోకస్‌తో ఒకటి, మాన్యువల్‌లో గీతను అనంతానికి కొద్దిగా ఇవతల రెండు మూడు స్థానాల్లో పెట్టి మరికొన్ని ఫొటోలు తీయండి. ఆటోఫోకస్‌తో వచ్చినది వాటన్నిటికన్నా మెత్తగా ఉంటే మోటార్ అలిసిపోయిందని అనుమానించవచ్చు. నాతో హొసకోటె వచ్చిన కుర్రాడు ఇప్పుడు రెండు కెమెరాలున్న డ్రోన్ కోసం తిరుగుతున్నాడు. ఇప్పటికి మూడింటిని చూశాడు. వాటిలో ఒకదాన్ని ఈ మూలల పరీక్షలో కుడివైపు కింది మూల మసకబారడం చూసే వద్దన్నాడు, దాన్ని అమ్మజూపిన ఆయన మాత్రం అది ఒక్కసారి కూడా కింద పడలేదని చివరిదాకా వాదించాడు.